ఆఫీసు మీద పడిన వాన

మీ మండలంలో వానను కొలిచే పాత్ర ఎక్కడ ఉందో ఎప్పుడైనా వెళ్లి చూశారా?

చూడలేదు. నాకు తెలుసు. ప్రపంచంలో అత్యధికంగా వాన పడే ఊరేదో అడిగితే నిద్రలో కూడా చెప్తారు. అటకామా ఎడారి ఏ ఖండంలో ఉందో, దాని పక్కనుంచి పోయే చల్లని సముద్ర ప్రవాహం పేరేమిటో చెప్తారు. మీ నాయన చేను మీద పడిన వానను ఎవరు, ఎక్కడ, దేనితో కొలిచి రాస్తున్నారో మాత్రం తెలియదు. పరీక్షలో రాదు కదా, తెలుసుకుని ఏం లాభం?

నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో భూగోళ శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆ తరువాత కొన్నేళ్లు అనంతపురంలో ఒక కోచింగ్ సెంటర్‌లో మీలాంటి పోటీ పరీక్షల పిల్లలకు చరిత్ర, భూగోళం తొలి పాఠాలు చెప్పాను. నా దగ్గర చదివినవాళ్లలో కొందరు ఆఫీసర్లయ్యారు. మా సెంటర్ గోడ మీద వాళ్ల ఫొటోలు దండలు వేసుకుని నవ్వుతూ ఉండేవి. బతికున్నవాళ్ల ఫొటోలకు దండలు వేసే చోటు మన దేశంలో కోచింగ్ సెంటర్ ఒక్కటే. ఆ గోడ మీది ఒక ఫొటో కథ చెప్తాను. పేర్లు చెప్పను. పేరు చెబితే వాడొక్కడే తప్పు చేశాడనుకుని మీరు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.

ముందు మా డైరెక్టరు గురించి చెప్పాలి. నదుల పేర్లకు, రాజుల వరుసకు, కనుమలకు, ఖనిజాలకు అన్నిటికీ ఆయన పాటలు కట్టించాడు. పిల్లలు బల్లలు వాయిస్తూ ఉపనదులు పాడేవారు. నేను మ్యాపు విప్పితే ఆయనకు ఒంటి మీద తేలు పాకినట్టుండేది.

"అర్థం చేయించేదానికి పోతే లేటైతాది సార్. పక్క సెంటరోళ్లు సిలబస్ అయిపోగొట్టేస్తారు" అనేవాడు.

ఒకసారి గుంతకల్లు నుంచి పామిడి మీదుగా రోజూ బస్సులో వచ్చే కుర్రాణ్ణి అడిగాను, పెన్నలో ఇప్పుడు నీళ్లున్నాయా అని.

"చూడలేదు సార్" అన్నాడు. "వంతెన కాడికొచ్చేసరికి పెన్న ఉపనదులు చదువుకుంటాంటి."

తరగతి అంతా నవ్వింది. మీరూ నవ్వుతున్నారు. రేపు ఆ నది మీద ఫైలు రాసేది ఆ కుర్రాడే.

ఇక గోడ మీది ఫొటో. వాడు నా విద్యార్థుల్లో చురుకైనవాడు. దొరల కాలంలో కరువుల మీద వ్యాసం రాయమంటే, ఊళ్లలో జనం గంజి లేక పడిపోతుంటే కచేరీలో కూర్చున్న అధికారి బయటకు వచ్చి చూడకుండానే 'పరిస్థితి సంతృప్తికరం' అని రాసి పంపాడని, ఆకలి కంటే ముందు ఆ రాత చంపిందని రాశాడు. నేను ఆ వ్యాసాన్ని తరగతిలో చదివి వినిపించాను. వాడు గ్రూప్స్ గెలిచి, మెట్లెక్కి, మా జిల్లాలోనే ఒక మండలానికి తహసీల్దారుగా వచ్చాడు. మా డైరెక్టరు వాడి ఫొటోను పెద్దది చేయించి గోడ మధ్యకు మార్చాడు.

ఆ ఏడాది వాన మొహం చాటేసింది. మా జిల్లాకు అది వార్త కాదు. జూన్‌లో విత్తేందుకు సరిపడా రెండు పదునులు పడ్డాయి, రైతులు ఆశపడి వేరుశనగ వేశారు, తరువాత ఆకాశం తుడిచిన పలకలా ఖాళీగా ఉండిపోయింది.

వాడి మండలం నుంచే ఒక అమ్మాయి మా సెంటర్‌కు వచ్చేది. మూడో బెంచీలో కూర్చునేది. పాటలు పాడేది కాదు, ప్రశ్నలు అడిగేది. అందుకని డైరెక్టరు ఆమెను 'స్లో లెర్నర్' అనేవాడు. వాళ్ల నాయనకు కొంత మెట్ట, ఒక కాడి ఎద్దులు. తన చేను దున్నుకోగా మిగిలిన రోజుల్లో ఊరివాళ్ల చేలు బాడుగకు దున్నేవాడు. ఆ బాడుగతోనే ఆమె అనంతపురంలో గది తీసుకుని చదువుతోంది. అంటే ఎద్దులుంటే చదువు, ఎద్దులు పోతే లేదు. లెక్క అంత సులువు.

ఒక ఆదివారం ఎర్రనేలల పాఠం చెప్పడానికి పిల్లల్ని వాళ్ల ఊరికే తీసుకుపోయాను. "ఎండలో తిప్పితే మార్కులొస్తాయా సార్?" అని డైరెక్టరు గొణిగాడు. చేలో ఆ అమ్మాయి నాయన ఒక వేరుశనగ చెట్టు పీకి నా చేతిలో పెట్టాడు. పూత రాలిపోయింది. నేలలోకి దిగి కాయ కట్టాల్సిన ఊడలు గాలిలో వేలాడుతున్నాయి.

"ఊడ దిగల్ల సార్, కాయ పట్టల్లంటే" అన్నాడు. "నేల బండైంది. ఊడ యాడ దిగుతాది? ఇంగ కాయ మాట ఇడిసిపెట్టు, కట్టె కూడా రాదు."

కట్టె అంటే కాయ కోసుకున్నాక మిగిలే ఎండు చెట్టు. మా వైపు ఎద్దులకు ఏడాదంతా అదే మేత. పోయినేటి వామిలో అడుగు మాత్రమే మిగిలి ఉంది. ఎద్దులు దాని ముందు నిలబడి, డొక్కలు ఎగరేస్తూ, మమ్మల్ని కూడా మేతేమో అన్నట్టు చూశాయి.

"మండలం కరువు కింద రాస్తే సర్కారు గడ్డి ఇస్తాదంట" అన్నాడాయన. "అదొస్తే ఈ ఏడు ఎద్దులు నిలబడతాయి. రాకుంటే సంతకే."

ఇక్కడ కొంచెం విధానం చెప్పాలి, తప్పదు. ఏ మండలం కరువు మండలమో తేల్చడానికి చూసేవాటిలో ఒకటి, విత్తనం వేశాక వాన లేని రోజులు వరుసగా ఎన్ని అన్నది. ఒక హద్దు దాటితే కరువు. మధ్యలో ఒక్క చెప్పుకోదగ్గ వాన పడితే ఆ వరుస తెగి, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అప్పట్లో ఆ మండలమంతటికీ లెక్కలోకి వచ్చే వానమాపకం ఒక్కటే. తహసీల్దారు ఆఫీసు ఆవరణలో, కొళాయి పక్కన ఉండేది. అందులో పడింది మండలమంతా పడినట్టు. అందులో పడనిది ఎక్కడా పడనట్టు.

ఆ మండలం హద్దు దగ్గరకు వచ్చేసింది. ఇంకొన్నాళ్లు ఆగితే జాబితాలో చేరేది. అప్పుడే మన వాడికి భక్తి పుట్టింది.

పూర్తిగా వాడికే పుట్టిందనడం అన్యాయం. ఆ మండలంలో భూములు, కాంట్రాక్టులు, రాజకీయం మూడూ ఒకే ఇంట్లో ఉన్న ఒక పెద్దమనిషికి పుట్టింది. ఆయన ఆఫీసు పక్క బడి మైదానంలో వరుణయాగం తలపెట్టాడు. తహసీల్దారును పీటల మీద కూర్చోమన్నాడు. వాడు కూర్చున్నాడు. మా డైరెక్టరు బస్సు మాట్లాడి పిల్లలందర్నీ తీసుకుపోయాడు. 'మా విద్యార్థి, మన అధికారి' అని బ్యానరు కూడా. ఎర్రనేల చూపించడానికి దండగైన ఆదివారం యాగానికి పనికొచ్చింది.

నేనూ వెళ్లాను. తెలివి ఎంత దూరం దిగజారగలదో దగ్గర నుంచి చూడటం నాకు అలవాటు. వాడు పట్టుపంచెతో, నుదుట బొట్టుతో, పొగకు కళ్లు నులుముకుంటూ నన్ను చూసి సగం లేచాడు.

"సార్! మీరూ వచ్చినారా? రాండి, ఈడ కూచోండి."

"నీ పీట మీంచి పశ్చిమ కనుమలు కనిపిస్తున్నాయా?" అని అడిగాను.

వాడు నవ్వాడు. "మర్సిపోలేదు సార్. నైరుతి గాలి కనుమలు దాటేసరికి తడి అయిపోతాది. ఈశాన్యం మన దాకా వచ్చేసరికి వట్టిపోతాది. మనం రెండింటికీ దూరం. అంతా గుర్తుండాది."

"మరి ఇదేమిటి?"

"అది పరీక్ష సార్. ఇది ఉద్యోగం."

ఆ జవాబును నేను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మన చదువు మొత్తానికి ఇంతకంటే మంచి నిర్వచనం ఎవరూ చెప్పలేదు.

పక్కనున్న పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూశాడు. "ఏమి సార్, మీరు దేవుణ్ణి నమ్మరంట. రేపు వానొస్తే తడుస్తారా, గొడుగు పట్టుకుంటారా?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు.

"అన్నా, నువ్వు నమ్ముతావు కదా," అన్నాను. "ఈరోజు గొడుగు తెచ్చుకున్నావా?"

ఎవరూ తెచ్చుకోలేదు. అంతమంది భక్తుల్లో ఒక్కరి చంకలోనూ గొడుగు లేదు. ఈసారి నవ్వినవాళ్లు తక్కువ.

మరునాడు సాయంత్రం వాన పడింది.

అవును, పడింది. దాచడం నా పద్ధతి కాదు. ఆ కాలంలో మా పీఠభూమి పగలంతా కాగి, సాయంత్రానికి ఇక్కడో మబ్బు అక్కడో మబ్బు లేపుతుంది. అవి ఎక్కడ విరిగితే అక్కడే వాన. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి తడిసి రెండోది ఎండే వాన అంటారు మా రైతులు. యాగం లేని ఏళ్లలోనూ పడుతుంది. యాగం చేసినా పడని ఏళ్లున్నాయి, వాటికి ఎవరూ బ్యానర్లు కట్టరు. ఈ మబ్బు సరిగ్గా మండలకేంద్రం మీద విరిగింది. ఆఫీసు తడిసింది, బస్టాండు తడిసింది, పెద్దమనిషి మేడ తడిసింది. వీధుల్లో నీళ్లు పారాయి. జనం వాటిలో చిందులేశారు. వానమాపకం చక్కగా నిండింది. పొద్దున గుమాస్తా కొలిచి రాశాడు, తహసీల్దారు సంతకం పెట్టాడు, లెక్క పైకి పోయింది.

పత్రికలో ఫొటో వచ్చింది. ఆఫీసు గేటుకు పెద్దమనిషి, తహసీల్దారు చేతులు జోడించిన ఫ్లెక్సీ కట్టారు. మా డైరెక్టరు లడ్డూలు తెచ్చి తరగతిలో పంచాడు. ఆ అమ్మాయి లడ్డూ తీసుకోలేదు.

"ఏమ్మా, మీ మండలమే కదా. సంతోషం లేదా?" అన్నాడు.

"మా ఊళ్లో దుమ్ము కూడా అణగలేదు సార్."

"మండలంలో పడినట్టే కదమ్మా! పాజిటివ్‌గా ఆలోచించల్ల."

"ఎద్దులు పాజిటివ్ తినవు సార్" అంది.

తరువాత నా వైపు తిరిగింది. "ఈ వానతో మా మండలం లెక్క మళ్లీ మొదటికొస్తాదా సార్?"

వస్తుందని చెప్పాను. నైరుతి ఋతుపవనాల పాఠానికి ఫలితార్థం అదేనని తరగతికి మొదటిసారి తెలిసింది. డైరెక్టరు మాత్రం మిగిలిన లడ్డూలు పెట్టెలో సర్దుకున్నాడు.

దారి ఒకటే ఉంది. తహసీల్దారు ఊళ్లు తిరిగి, వాన మండలకేంద్రం మీదే పడిందని, మిగతా చేలు ఎండిపోతున్నాయని వేరే నివేదిక పంపవచ్చు. పై ఆఫీసు దాన్ని చూడక తప్పదు. జాబితా ఖరారయ్యేలోపు పంపాలి, అంతే. ఆ వారంలోనే ఆ అమ్మాయిని, వాళ్ల నాయనను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. ఆయన ఎండిన చెట్లను తువ్వాల్లో మూటకట్టుకుని వచ్చాడు. ఫ్లెక్సీ కింద తలవంచి లోపలికి వెళ్లాల్సి వచ్చింది. అంత కిందికి కట్టారు.

తహసీల్దారు నాకు కుర్చీ వేయించాడు, టీ చెప్పాడు. మర్యాదలో లోటు చేసే రకం కాదు. మూట విప్పి బల్ల మీద పెడితే ఒక చెట్టు తీసి చూశాడు. వాడూ రైతు బిడ్డే. చెట్టును చూసిన క్షణం వాడి మొహంలో పాత విద్యార్థి కనిపించాడు. తరువాత దాన్ని కాగితాల మీంచి జాగ్రత్తగా పక్కకు జరిపాడు, మట్టి అంటకుండా.

"వాన గేజీలో నీళ్లుండె సార్. ఉన్నది రాసినా. అబద్ధం రాసినానా?"

"గేజీలో ఉన్నాయి. వీళ్ల చేలో ఉన్నాయా?"

"రూలు గేజీదే సార్."

"ఊళ్లు చూసి వేరే నివేదిక పంపడానికి రూలు అడ్డం లేదు. అది నాకంటే నీకే బాగా తెలుసు."

వాడు కిటికీ వైపు చూశాడు. కిటికీలోంచి ఫ్లెక్సీ వెనకవైపు, తిరగబడిన అక్షరాలు కనిపిస్తున్నాయి. గొంతు తగ్గించి అన్నాడు.

"సార్, మీరు పెద్దోళ్లు, మీకు చెప్పేదానికేముంది. వాన పడలేదని ఇప్పుడు రాస్తే, యాగం ఫలించలేదని నేనే రాసిచ్చినట్టు కాదా? యాగం చేయించిన ఆయప్ప ఊరుకుంటాడా? పేపరోళ్లు ఊరుకుంటారా?"

మిత్రులారా, మూఢనమ్మకం గురించి నేను ఎన్నో సభల్లో వాదించాను. పురాణం తెలిసిన పండితులతో వాదించాను, మంత్రం తెలియని మంత్రగాళ్లతో వాదించాను. వాళ్లు కనీసం నమ్మేవారు. ఈ మనిషి నమ్మడు. కనుమలు తెలుసు, గాలులు తెలుసు, ఆ మబ్బు ఎందుకు విరిగిందో నాకంటే చక్కగా చెప్తాడు. నమ్మని దేవుడి పరువు కాపాడటానికి నమ్ముకున్న రైతు నోట్లో మట్టి కొట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. దీనికి ఏ శాస్త్రంలో పేరుందో నాకు తెలియదు.

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడిన ఆ అమ్మాయి నాయన ముందుకు వచ్చాడు.

"సామీ, ఆ యాగానికి నేనూ నెయ్యి ఇచ్చినా" అన్నాడు. "దేవుని మీద నాకేం కోపం లేదు. వాన పడేది, పడకపోయేది ఆయప్ప ఇష్టం. పడిందని రాసేది మాత్రం నీ ఇష్టమే గదప్పా."

తహసీల్దారు టీ గ్లాసును కొంచెం అటు, కొంచెం ఇటు జరిపాడు.

"చూస్తా" అన్నాడు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మన పరిపాలనలో 'చూస్తా' అంటే కళ్లు మూసుకుంటున్నానని అర్థం. బయటకు వస్తూ ఆ అమ్మాయి ఆవరణలో వానమాపకం దగ్గర ఆగింది. వేలితో తట్టి చూసింది. దాని మీద కాకి ఒకటి రెట్ట వేసి ఉంది.

"ఇదేనా సార్? ఇంతేనా?" అంది.

జాబితా వచ్చింది. చుట్టూ ఉన్న మండలాలు ఉన్నాయి. అది లేదు. దొరల కాలపు కచేరీ గురించి అంత నిప్పులాంటి వ్యాసం రాసినవాడు, అదే కుర్చీలో కూర్చుని, అదే రాత రాశాడు. తెల్లవాడు రాస్తే మనకది చరిత్ర. మనవాడు రాస్తే పరిపాలన. మార్కులు మాత్రం మొదటిదానికే.

ఆ అమ్మాయి నాయన ఎద్దులను సంతకు తోలాడు. కొన్నది ఎవరనుకున్నారు? పక్క మండలం రైతు. అది కరువు మండలం. గడ్డి కేంద్రం తెరిచారు. మండలాల హద్దు అక్కడ ఒక తారురోడ్డు. ఎద్దులు ఆ రోడ్డు దాటగానే వాటికి కరువు వచ్చింది, గడ్డీ వచ్చింది. రోడ్డుకు ఇవతల ఉన్నంతకాలం వాటి మీద సమృద్ధిగా వాన పడుతూనే ఉంది, కాగితం మీద. ఇంత భూగోళ జ్ఞానం మా సెంటర్‌లో ఎవరికైనా ఉందా అని నేను తరగతిలో అడిగితే డైరెక్టరు నన్ను గదిలోకి పిలిచాడు.

"సార్, మీరు ఊరికే వేడెక్కుతారు. ఆ ఫొటో చూసి అడ్మిషన్లొస్తాండాయి" అన్నాడు. ఆ సంవత్సరంతో నేను ఆ సెంటర్ మానేశాను. ఫొటో ఇంకా ఉంది. దండ మార్చారట.

అనంతపురం వదిలి వెళ్లేముందు ఆ అమ్మాయి, చదువుకోమని నేనిచ్చిన అట్లాసు తిరిగి ఇవ్వడానికి మా ఇంటికి వచ్చింది. గది ఖాళీ చేసేసింది. గుంతకల్లులో మేనత్త ఇంట్లో ఉండి, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ పరీక్ష రాస్తానంది. అట్లాసు ఉంచుకోమన్నాను. కూర్చుని, కాసేపు దాని అట్ట గీకుతూ, తల ఎత్తకుండా అంది.

"ఆ సార్ మీద కోపం వచ్చినాది గానీ, అంతకంటే భయమేస్తాండాది సార్. ఆయన కూడా మా మాదిరే చేలోంచి పోయినోడే కదా. ఆ కుర్చీలో నేను కూచున్న పొద్దు ఏమి రాస్తానో ఏమో."

"ఆ భయాన్ని పోగొట్టుకోకు" అన్నాను. అంతకంటే మంచి పాఠం నా దగ్గర లేదు.

ఇప్పుడు మీ సంగతి. ఊరూరా కొత్త యంత్రాలు పెట్టారని, వాన దానంతటదే లెక్కలోకి పోతుందని మీరు నాకు చెప్పబోతున్నారు. సంతోషం. మీ ఊరి యంత్రం పనిచేస్తోందా? దాని మీద చెట్టు కొమ్మ వాలిందా? ఎవరైనా చూశారా? మీరు చూశారా? ఆఫీసరు కావాలని ఇన్నేళ్లుగా ఈ గదిలో కూర్చున్నారు. ఆ కుర్చీ మీకు ఎందుకో ఒక్కరైనా చెప్పగలరా? జీతం, జీపు, దండ వేసిన ఫొటో మీ జవాబైతే, లేచి పొండి. మీలాంటివాళ్లతో ఆఫీసులు ఇప్పటికే నిండిపోయాయి.

లేదంటే, రేపు పొద్దున పుస్తకం మూసి మీ మండలానికి పొండి. వానమాపకం ఎక్కడుందో వెతకండి. అక్కడి నుంచి మీ చేను దాకా నడవండి, బస్సెక్కకండి. దారిలో ఎక్కడ నేల తడిగా ఉందో, ఎక్కడ పొడిగా ఉందో కాలితో తెలుసుకోండి. ఎవరి ఎద్దులు బక్కచిక్కాయో చూడండి. ఆ తరువాత వచ్చి ఋతుపవనాలు చదవండి. ఏదో ఒక రోజు మీరు ఆ కుర్చీలో కూర్చుంటారు. గేటుకు మీ ఫ్లెక్సీ ఉంటుంది, ఎదురుగా ఒకడు ఎండిన చెట్లు మూటకట్టుకుని నిలబడతాడు. ఆ రోజు 'చూస్తా' అనకండి. కలం తీయండి. పడని వానను పడలేదని రాయండి.